రంగుల పలక: విజయనగరంలో తూర్పు దేశపు జ్ఞానులు

అక్టోబరు 12

సిరిమాను సంబరం సందడి సద్దుమణిగింది. చేతిలో ఉన్న స్కూలు గోడల పెయింటింగు పని నిన్నటితో అయిపోయింది. ఏడాదిగా వాయిదా పడుతున్న పలకని ఇవాళ మొదలుపెట్టాను.

మా వీధి చివర ఇంట్లో ఉండే టీచరుగారికి క్రిస్మస్ నాటికి ఒక చిన్న ఉబ్బెత్తు చెక్కడం చేసి ఇవ్వాలి. ఎత్తు 40 సెంటీమీటర్లు, వెడల్పు 25. ఆవిడ నాకు ఆరు, ఏడు తరగతుల్లో లెక్కలు చెప్పారు. వాళ్లింట్లో పశువులపాక బొమ్మలు ఇల్లు మారేటప్పుడు పగిలిపోయాయి. "కొత్తవి బజార్లో దొరుకుతాయి బాబూ. నీ చేత్తో చేసింది ఒకటి ఉంటే బాగుంటుంది" అన్నారు. అప్పుడే మాటిచ్చాను.

నేను నమూనాగా పెట్టుకున్నది మధ్యయుగాల ఇంగ్లండులో అలబాస్టర్ అనే మెత్తని తెల్లరాయితో చేసిన పలకల్ని. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో స్వాన్సీ ఆల్టర్‌పీస్ అని ఒకటుంది. చర్చిలో బలిపీఠం వెనక నిలబెట్టేది. చెక్క చట్రంలో వరసగా బిగించిన పలకలు, 1450–1480 మధ్య చేసినవి. పాత చట్రమూ, పాత రంగూ చాలావరకు మిగిలి ఉండటం దాని గొప్పతనం. అందులో ఒక పలక మీద బాలయేసుని చూడటానికి వచ్చిన తూర్పు దేశపు జ్ఞానులు ఉన్నారు. ఆ కాలపు శిల్పులు ఇదే దృశ్యాన్ని మళ్లీ మళ్లీ చెక్కారు. వాటిలో ఎక్కువగా కనిపించే అమరికనే నేను తీసుకుంటున్నాను.

ఆ అమరిక నాకు ఎంతిష్టమో చెప్పాలి. మరియమ్మ మంచం మీద ఒరిగి ఉంటుంది. ఒళ్లో బిడ్డ. ముగ్గురిలో పెద్దాయన కిరీటం తీసేసి మోకాళ్ల మీద వంగి బంగారపు గిన్నె చాస్తే, బిడ్డ అందులో చెయ్యి పెట్టబోతాడు. రెండో ఆయన చేత్తో నక్షత్రాన్ని చూపిస్తూ మూడో ఆయనతో ఏదో చెబుతుంటాడు. మంచం కాళ్ల దగ్గర ఆమె భర్త యోసేపు కర్ర మీద ఆనుకుని కునుకు తీస్తుంటాడు. మంచం కింద నుంచి ఎద్దు, గాడిద తలలు బయటికి పెడతాయి. ఇవన్నీ ఒక జానెడున్నర ఎత్తులో.

అక్టోబరు 13

టీచరుగారికి పెన్సిలు గీత చూపించాను. కళ్లజోడు సరిచేసుకుని చాలాసేపు చూశారు. బైబిల్లో రాజులని లేదు, జ్ఞానులనే ఉంది, ముగ్గురన్న లెక్క కూడా లేదు, కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురయ్యారు అని చెప్పారు. బంగారం, సాంబ్రాణి, బోళం. "అయినా ముగ్గుర్నే ఉంచు, కిరీటాలు కూడా ఉంచు. చిన్నప్పటినుంచీ అలాగే చూశాను" అన్నారు. తర్వాత ఒక కోరిక కోరారు: రంగులు వద్దు, పాలరాయిలా తెల్లగా ఉంచమని.

అక్కడే చిక్కు వచ్చింది. నేను కూడా ఒకప్పుడు వాళ్ల శిల్పాలంటే తెలుపు, మన గోపురం బొమ్మలంటే రంగులు అనే అనుకునేవాణ్ని. మ్యూజియం ఫోటోలు పెద్దవి చేసి చూడటం మొదలుపెట్టాక ఆ భ్రమ పోయింది. మడతల లోపల ఎరుపు, జుట్టులో బంగారం, కాళ్ల కింద ఆకుపచ్చ. ఇప్పుడు తెల్లగా కనిపించేవి చాలావరకు రంగు ఊడిపోయినవే. రంగు లేకపోతే అది సగం పని కిందే లెక్క. ఆవిడతో వాదించలేదు. "ముందు చెక్కనివ్వండి, తర్వాత మీరే చూసి చెబుదురు" అన్నాను.

అక్టోబరు 16

అలబాస్టర్ ఇక్కడ దొరకదు. మన చుట్టుపక్కల కొండల్లో రాయికి కొదవ లేదు గాని, టెక్కలి గ్రానైట్‌ మీద ఇంత సన్నపని నా చేతుల వల్ల కాదు. ఆలోచిస్తే దారి మన ఫాల్స్ సీలింగు పనిలోనే దొరికింది. అలబాస్టర్ అంటే జిప్సం. గోటితో గీస్తే గీత పడేంత మెత్తని రాయి. అదే జిప్సాన్ని సుమారు 150 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులోని నీటిలో మూడొంతులు పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అవుతుంది. దానికి నీళ్లు కలిపితే మళ్లీ జిప్సంగానే గట్టిపడుతుంది. అంటే హార్డ్‌వేర్ షాపులో బస్తాల్లో దొరికేదీ, ఇంగ్లండులో టట్‌బరీ, చెల్లస్టన్ గనుల్లోంచి తవ్వి తీసిందీ ఒకటే పదార్థం. ఒకటి భూమిలో ఒత్తుకుని బిగిసింది, ఇంకొకటి సన్నసన్న రంధ్రాలతో తేలిగ్గా ఉంటుంది. అంతే తేడా.

ప్లైవుడ్ ముక్కలతో 40, 25, 5 సెంటీమీటర్ల పెట్టె చేశాను. లోపల కొబ్బరినూనె రాశాను.

అక్టోబరు 17

మొదటి పలక పోయింది. గంటలు గడిచినా అంచులు పొడిపొడిగా రాలుతూనే ఉన్నాయి. బస్తా తెరిచినప్పుడే లోపల గడ్డలు కనిపించాయి, నేను పట్టించుకోలేదు. తేమ తగిలిన పాత సరుకు అది. షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఇక నుంచి చెయ్యి పెట్టి పొడి జారుతుందో లేదో చూశాకే కొనాలి.

అక్టోబరు 19

రెండో పలకకి సీలింగు మేస్త్రీని పిలిచాను. ముప్ఫయ్యేళ్లుగా ఈ పని చేస్తున్న మనిషి. నేను పొడిలో నీళ్లు పొయ్యబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "నీళ్లలో పొడి ఎయ్యాలి గాని పొడిలో నీళ్లు పొయ్యకూడదు బాబూ. అదే తాగుతాది, నువ్వు కంగారు పడకు" అన్నాడు. 3.2 లీటర్ల నీళ్లలో 5 కిలోల పొడిని గుప్పెళ్లతో చల్లి, మునిగేదాకా ఆగి, అప్పుడు నెమ్మదిగా కలిపాం. జోరుగా గిలకొడితే గాలి బుడగలు చేరతాయి. పెట్టెలో పోశాక బల్లని కింద నుంచి అరచేత్తో తడుతూ ఉంటే బుడగలు పైకి తేలి పగిలాయి. ఇరవై నిమిషాల్లో పలక వేడెక్కింది. కాల్చినప్పుడు పోయిన నీటిని తిరిగి పట్టుకునేటప్పుడు పుట్టే వేడి అది.

తూకం: 8.2 కిలోలు. లెక్క ప్రకారం పూర్తిగా ఆరితే 5.9 దగ్గర ఆగాలి. మిగిలిన నీరంతా పైకి పోవాల్సిందే. ఇదే కొలతల అసలు అలబాస్టర్ పలక అయితే పదకొండు కిలోలు దాటేది.

అక్టోబరు 27

వారం నుంచి ముసురు. పలక తూకం 7.7 మీద ఆగిపోయింది. హాలోజన్ లైటు పెట్టమని ఒకరు చెప్పారు. ఒప్పుకోలేదు. వేడి ఎక్కువైతే జిప్సం మళ్లీ నీటిని వదిలి పొడిబారిపోతుంది. ఫ్యాను చాలు.

ఖాళీగా కూర్చోలేక చదువుకున్నాను. ఈ పలకల వ్యాపారానికి నాటింగ్‌హామ్ పెద్ద కేంద్రం. 1367లో అక్కడ చేసిన ఒక పెద్ద అలబాస్టర్ పనిని విండ్సర్ చర్చికి పది బళ్ల మీద తీసుకెళ్లారు. 1491లో నికొలస్ హిల్ అనే నాటింగ్‌హామ్ బొమ్మల పనివాడు బాప్తిస్మమిచ్చు యోహాను తల చెక్కిన బొమ్మలు 58 అమ్మకానికి ఇచ్చి, డబ్బులు రాక దావా వేశాడు. ఒకే బొమ్మ యాభై ఎనిమిది! మన దగ్గర చవితి ముందు వినాయకుల్ని వరసగా పెట్టి చేసినట్టే ఉండి ఉంటుంది ఆ పనిశాల. యోహాను తలలు ఇళ్లలో పెట్టుకునే చిన్న పలకలు. చర్చికి పెద్దవి, ఇంటికి చిన్నవి.

తర్వాత మతసంస్కరణ వచ్చింది, చర్చిల్లో బొమ్మలు ఉండకూడదన్నారు. 1550లో ఇంగ్లండు పార్లమెంటు చేసిన చట్టంలో చర్చిల్లోంచి తీసి పాడుచేయాల్సిన బొమ్మల జాబితాలో రాయి, కొయ్య, మట్టితో పాటు అలబాస్టర్‌ని కూడా పేరు పెట్టి రాశారు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో ఉన్న ఇంగ్లండు రాయబారి జాన్ మేసన్, మూడు నాలుగు ఓడల నిండా బొమ్మలు అమ్మకానికి వచ్చాయని తమవాళ్లకు రాసి పంపాడు. అలా సముద్రం దాటినవి బతికాయి. ఫ్రాన్స్ చర్చిల్లో ఇప్పటికీ ఉన్నాయి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకి వచ్చినవాటిలో చాలా వాటికి కారణం వాల్టర్ లియో హిల్డ్‌బర్గ్ అనే అమెరికన్. జీవితమంతా కూడబెట్టిన 260కి పైగా అలబాస్టర్ పనుల్ని 1946లో, తన డెబ్భయ్యో పుట్టినరోజుకి మ్యూజియానికి ఇచ్చేశాడు. ఇది చదివాక ఆ మనిషి మీద చాలా గౌరవం కలిగింది.

నవంబరు 2

చెక్కడం మొదలు. పలక లోపల ఇంకా తడిగానే ఉంది, అదే మంచిదైంది. తడిమీద ముదురు కొబ్బరిలా తెగుతుంది. పూర్తిగా ఆరాక పొడి రేగుతుంది, అంచులు చిట్లుతాయి. సుత్తి అక్కర్లేదు. వడ్రంగి ఉలి ఒకటి, హాక్సా బ్లేడు విరిచి ఆకురాయి మీద సానపెట్టినవి రెండు, సైకిల్ పుల్లని కొట్టి చదును చేసి కొన వంచినది ఒకటి. ఈ నాలుగే.

కోసిన తరుగంతా ఒక బేసినులో దాచి పలకతో కలిపి తూస్తున్నాను. ఎంత ఆరిందో తెలియాలంటే వేరే మార్గం లేదు.

నవంబరు 9

ఈ వారం నేర్చుకున్నదంతా మంచం నేర్పింది.

మొదట మంచాన్ని మామూలుగా, పక్కనుంచి చూసినట్టు గీశాను. అలా చేస్తే మరియమ్మ ముందు జ్ఞానులకి చోటు లేదు. పాత పలకల్లో మంచం వాలుగా, పైనుంచి చూసినట్టు ఉంటుంది. మనుషులు మాత్రం ఎదురుగా చూసినట్టే ఉంటారు. దూరం, దగ్గర తేడా గీయడం తెలియక చేసిన తప్పేమో అనుకునేవాణ్ని. చెక్కుతుంటే అర్థమైంది. ఉన్న లోతు మూడు వేళ్ల మందం. అందులో ఎనిమిది శాల్తీలు పట్టాలి: తల్లి, బిడ్డ, యోసేపు, ముగ్గురు జ్ఞానులు, రెండు పశువులు. మంచాన్ని ఎత్తి నిలబెడితే తప్ప ఎవరూ ఎవరి వెనకా దాక్కోకుండా ఉండరు. మన పాత గుడి గోడల మీద బొమ్మల్లోనూ చెరువుని పైనుంచి, అందులో చేపల్ని పక్కనుంచి చూపిస్తారు కదా. అదే తెలివి ఇది.

రెండో సంగతి. తలల వెనక బాగా లోతుగా తవ్వాలి. తలలు పలకనుంచి దాదాపు విడిపోయినట్టు ఉంటే, వెలుగు ఎటునుంచి వచ్చినా వెనక నీడ పడి ముఖం తేలుతుంది. సైకిల్ పుల్ల పనిముట్టు ఇక్కడే అక్కరకొచ్చింది. దానితోనే యోసేపు ముక్కు కూడా విరగ్గొట్టాను. ఆ చోటు బాగా తడిపి, పల్చటి ప్లాస్టర్ బొట్టు పెట్టి, గట్టిపడ్డాక మళ్లీ చెక్కాను. తడపకుండా పెడితే పాత ప్లాస్టర్ నీళ్లు లాగేసుకుని కొత్తది అతకదు.

నవంబరు 16

బిడ్డ చెయ్యి పూర్తయింది. నాలుగు రోజులు పట్టింది. అగ్గిపుల్ల మందం కూడా లేదు. గిన్నెకి ఆనించే ఉంచాను, గాలిలో వదిలితే నిలవదు.

నవంబరు 20

టీచరుగారికి చూపించడానికి తీసుకెళ్లాను. గోడకి ఆనించి, ముందు కొవ్వొత్తి వెలిగించాను. దగ్గరికి వచ్చి వేళ్లతో తడిమారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇలాగే ఉంచెయ్యి బాబూ" అన్నారు. నిజంగా తెల్లగా ముచ్చటగా ఉంది. ఆ రాత్రి నాకూ రంగు వెయ్యాలంటే భయం వేసింది. ఒక్క తప్పు బ్రష్షు పడితే నెల రోజుల పని పోతుంది.

కానీ ఇంకో విషయం కూడా జరిగింది. తర్వాత వెళ్లి ఆవిడ రోజూ కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. గోడకి పది అడుగుల దూరం. అక్కడనుంచి చూసి, "కింద అవి రాళ్లా?" అని అడిగారు. ఎద్దు, గాడిద. కంటి ఆపరేషన్ అయ్యాక కూడా ఆవిడకి దూరం చూపు మసకే. నేను కూడా అదే కుర్చీలో కూర్చుని చూశాను. యోసేపు కర్రా, మంచం కాలూ ఒకటైపోయాయి. రెండో జ్ఞాని చెయ్యి వెనక గోడలో కలిసిపోయింది. తెలుపు మీద తెలుపు.

ఇదే ఆవిడకి చెప్పాను. ఆ పలకలు ఉన్నది చర్చిల్లో, కొవ్వొత్తుల వెలుగులో, దూరంగా మోకరిల్లినవాళ్లు చూడటానికి. చాలామందికి చదువు రాదు. ఏది ఎవరో రంగే చెప్పాలి. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "సరే, వెయ్యి. ముఖాలు మాత్రం తెల్లగా ఉంచు" అన్నారు.

విచిత్రమేమిటంటే పాతవాళ్లు చేసిందీ అదే. అలబాస్టర్‌ని మెరుగుపెడితే వెలుగుని కాస్త లోపలికి తీసుకుని చర్మంలాగే కనిపిస్తుంది. అందుకని ముఖాలూ చేతులూ చాలావరకు ఒట్టి రాయిగానే వదిలి కళ్లకీ పెదవులకీ మాత్రం రంగు ముట్టించేవారు. అంగీల బయటివైపు కూడా తెలుపే, అంచుకి బంగారు గీత, లోపలి మడతకి ఎరుపో నీలమో. ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు.

నవంబరు 29

తరుగుతో కలిపి 5.9 కిలోలు. మూడు రోజులుగా మారలేదు. ఆరిపోయింది.

డిసెంబరు 3

రంగుల సంగతి. వాళ్లు వాడినవాటిలో ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది, సింధూరంలో సీసం ఉంటుంది. ఇంట్లో అవి నూరడం మంచిది కాదు. నేను వాడుతున్నవి గచ్చు నేలలకి వేసే ఆక్సైడ్ పొడులు: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. నీలానికి బట్టలకి పెట్టే నీలం పొడి. జిగురుకి రాత్రంతా నానబెట్టి వడకట్టిన తుమ్మబంక. ప్లాస్టర్ రంగుని పీల్చేసుకోకుండా ముందు ఫెవికాల్ నీళ్లు, ఒకటికి పది, రెండు పూతలు వేశాను. ముఖాలకి మాత్రం వెయ్యలేదు.

పైభాగం నేపథ్యంలో పాత పలకలకి చిన్నచిన్న గుండ్రటి బొబ్బలు ఉంటాయి. సుద్దా జిగురూ కలిపి బొట్లుగా పెట్టి, వాటిమీద బంగారం అద్దేవారు. బ్రష్షుతో పెడితే నాకు ఒక్కటీ గుండ్రంగా రాలేదు. మా మేనకోడలు గోరింటాకు కోన్ తెచ్చి ఇచ్చింది. అందులో సుద్ద ముద్ద నింపి నొక్కితే అన్నీ ఒకే కొలతలో వచ్చాయి. నలభై రెండు బొట్లు.

డిసెంబరు 8

బంగారు రేకు. పుస్తకంలో 25 రేకులు ఉన్నాయి, ఖరీదు కాబట్టి కిరీటాలకీ గిన్నెకీ బొట్లకీ జుట్టుకీ మాత్రమే. ఉడికించిన అవిసె నూనె పల్చగా రాసి ఆగాలి. వేలు ఆనిస్తే పట్టుకోవాలి, కానీ వేలికి అంటుకుని రాకూడదు. ఆ ఘడియ కోసం రాత్రి పదకొండున్నర దాకా కాచుకున్నాను. ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి వెయ్యాలి. మరియమ్మ జుట్టు మీద రేకు వాలి దూదితో అద్దగానే చెక్కిన ప్రతి గీతా లేచి కనిపించింది.

డిసెంబరు 11

ఈ పలకల గుర్తు అంటే కింది నేలే. ముదురు ఆకుపచ్చ మీద పూలు: మధ్యలో ఒక ఎర్ర చుక్క, చుట్టూ తెల్ల చుక్కలు. ఇంగ్లండులో గడ్డిలో పూసే డైసీలు. ఏ మూల పడి ఉన్న ముక్క అయినా ఈ పూలుంటే ఎక్కడిదో పోల్చుకోవచ్చు.

పచ్చ వేసి ఆరబెట్టాను. పూలు పెడుతుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. రెండు పూలు చూసి, "ఏటిరా, లెక్కెట్టుకుని ఏస్తన్నావా? ఇలగియ్యి" అని బ్రష్షు పక్కన పెట్టి అగ్గిపుల్ల తీసుకుంది. పుల్ల చివర తెలుపులో ముంచి, మణికట్టు కదలకుండా టకటకా ఐదు చుక్కలు. అరవై ఏళ్లుగా గడపలకి బొట్లు పెట్టిన చెయ్యి. నేను పెట్టిన రెండు పూలు సమానంగా, బిగుసుకుని ఉన్నాయి. ఆవిడవి కొంచెం వంగి, ఒక్కోటి ఒక్కో వైపు చూస్తూ ఉన్నాయి. మ్యూజియం ఫోటో పక్కన పెట్టి చూశాను. అచ్చం అలాగే ఉన్నాయి. నేలంతా ఆవిడకే వదిలేశాను. ఎద్దు ముట్టె ముందు కూడా ఒకటి పెట్టి "ఇది దానికి" అంది.

డిసెంబరు 15

కళ్లు, పెదవులు. తర్వాత టర్పెంటైన్‌లో కరిగించిన తేనెమైనం ముఖాలకి గుడ్డతో రాశాను. సుద్దలా పేలవంగా ఉన్న తెలుపు దంతం రంగుకి తిరిగి కొంచెం నిగారింపు వచ్చింది. అలబాస్టర్ కాంతి రాదు. ప్లాస్టర్‌కి ఆ గుణం లేదు, ఒప్పుకోవాల్సిందే.

యోసేపు అంగీ మడతలో ఎరుపు ఎక్కువైంది. తడిగుడ్డతో కొంత తీశాను. ఇంకా కొంచెం మచ్చ ఉంది.

డిసెంబరు 18

పాత పలకల వెనక రంధ్రాలుంటాయి. వాటిలో ఇత్తడి లాంటి లోహపు తీగ పెట్టి సీసం కరిగించి పోసేవారు, ఆ తీగతో చెక్క చట్రానికి కట్టేవారు. నేను మోటారు వైండింగు రాగితీగని రెండు పేటలుగా మెలేసి, వాలుగా తవ్విన రంధ్రాల్లో ఎంసీల్‌తో బిగించాను. చెక్కాక పలక బరువు 4 కిలోల చిల్లర. ఒక రాత్రంతా తలుపు గొళ్లేనికి వేలాడదీసి చూశాను. కదల్లేదు. చట్రం పాత టేకు కిటికీ చెక్కతో చేయించాను.

డిసెంబరు 21

సాయంత్రం ఆరింటికి తీసుకెళ్లాం, అమ్మ కూడా వచ్చింది. గోడకి తగిలించి, కింద అరుగు మీద రెండు కొవ్వొత్తులు పెట్టి లైటు ఆపేశాం. బంగారు బొట్లు ముందు వెలిగాయి, తర్వాత కిరీటాలు, ఆ తర్వాత నెమ్మదిగా ముఖాలు.

టీచరుగారు కుర్చీలోంచి లేవలేదు. అక్కడనుంచే వేలు చూపిస్తూ చెప్పుకుంటూ వచ్చారు. "మరియమ్మ తల్లి. బిడ్డ. ఈయన కిరీటం తీసేశాడు. ఆయన చుక్కని చూపిస్తున్నాడు. యోసేపు నిద్రపోతున్నాడు, పాపం." కాస్త ముందుకి వంగారు. "ఎద్దు. దాని పక్కన గాడిద. ఎద్దు ముందర పువ్వు ఎవరు పెట్టారు?"

అమ్మ చెయ్యెత్తింది.